సిమెంటు ఊడదీసిన ఏడాది: మా ఓక్ ఇంటి ఉత్తరపు గోడ డైరీ

ఇది ఒక్క గోడ కథ. ఇల్లు ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్‌లో, వెబ్లీ ఊరికి దగ్గర్లో ఉంది. (ఊరి పేరు ఇంగ్లిషులో రాసేటప్పుడు మధ్యలో ఒక ‘ఓ’ ఉంటుంది, పలికేటప్పుడు మింగేస్తారు.) నల్ల దుంగలు, తెల్ల గోడల ఇళ్లకి ఈ ప్రాంతం పేరుమోసింది. వెబ్లీ, పెంబ్రిడ్జ్ లాంటి ఊళ్లు చూడ్డానికి సెలవు రోజుల్లో జనం కార్లేసుకుని వస్తారు. మాది ఎవరూ ఆగి ఫొటో తీసుకునే ఇల్లు కాదు. పొలం పక్కన రెండున్నర అంకణాల కుటీరం. అంకణం అన్న మాట ఇక్కడ భలే కలిసొచ్చింది. రెండు దూలాల మధ్య జాగాని ఇక్కడి వడ్రంగులు బే అంటారు, ఇంటి సైజుని బేల్లోనే చెబుతారు. మన పాత పెంకుటిళ్లని మూడంకణాలు, అయిదంకణాలు అన్నట్టే. నెల్లూరు, తిరుపతి వైపు అంకణం ఇప్పుడు ప్లాట్ల కొలతగా మిగిలింది కానీ, అసలు అర్థం మా వంటింటి పైకప్పు కేసి చూస్తే తెలిసిపోతుంది.

అక్టోబరు 8

ఉత్తరపు గోడ అడుగున ఉన్న దుంగని స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పిడి దాకా దిగింది. బయటికి తీస్తే మొనకి తడిసిన కాఫీ పొడి లాంటిది అంటుకుని వచ్చింది. మా ఆయన చూసి ఏమీ అనలేదు, లోపలికెళ్లి ఇంటి ఇన్సూరెన్స్ కాగితాలు తీసుకొచ్చాడు.

ఈ ఇంటి కట్టుబడి ఇలా ఉంటుంది. కింద రెండడుగుల ఎత్తు రాతి గోడ. దాని మీద అడ్డంగా పడుకోబెట్టిన ఓక్ దుంగ, దాన్ని సిల్ అంటారు. సిల్ మీద గుంజలు నిలబడతాయి. గుంజల తలల మీద ఇంకో అడ్డ దుంగ, దాని మీద వాసాలు. బరువంతా మోసేది ఈ చట్రమే. మనం గోడ అనుకునేది చట్రంలోని గళ్లని మూసే పూత మాత్రమే, అది కప్పుని మొయ్యదు. సిల్ కుళ్లితే గుంజ దిగుతుంది, గుంజ దిగితే పైనున్నవన్నీ దాని వెంటే.

ఎందుకు కుళ్లిందో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. పాత యజమానుల్లో ఒకరు 1960ల్లో ఈ గోడ గళ్లకి సిమెంటు పూయించారు, పైన ప్లాస్టిక్ లాంటి రంగు వేయించారు. ఓక్ తేమ తగిలితే ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. సిమెంటు కదలదు. రెండిటి మధ్యా వెంట్రుకవాసి సందు పడింది. గాలివానకి నీళ్లు ఆ సందులోంచి లోపలికెళ్లాయి, బయటికి రావడానికి దారి లేదు. పైగా గోడ పక్కన ఎవరో కాంక్రీటు బాట పోశారు. అది రాతి గోడని సగం మింగేసి వాన చినుకుల్ని నేరుగా సిల్ మీదికి చిమ్ముతోంది. వందల ఏళ్లు తడుస్తూ ఆరుతూ బతికిన దుంగని అరవై ఏళ్లు ఆరనివ్వకుండా ఉంచితే జరిగింది ఇది.

నవంబరు 2

మా ఇల్లు గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉన్నది. ఇంగ్లండ్‌లో ఇలాంటి నమోదులు సుమారు 4 లక్షలున్నాయి, వాటిలో పదింట తొమ్మిది గ్రేడ్ 2లోనే. అంటే అరుదైన గౌరవమేం కాదు కానీ, చట్టం మాత్రం గట్టిది. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇంటి స్వరూపం మార్చితే అది క్రిమినల్ నేరం. పాత యజమాని చేసిన తప్పుని సరిచేయమని ఇప్పటి యజమానిని కూడా అడగొచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టే చిన్నగా బాగుచేసుకుంటే అనుమతి అక్కర్లేదంటారు గానీ, మేం సిమెంటు తీసి మట్టి పెట్టబోతున్నాం, దుంగ మార్చబోతున్నాం. అడిగేయడమే మంచిది.

దరఖాస్తుకి ఫీజు లేదు. దానికి కావలసిన డ్రాయింగులకి మాత్రం బాగానే అయింది. ఎనిమిది వారాల్లో తేలుస్తామన్నారు. రిపేరు ఖర్చంతటి మీదా 20 శాతం వ్యాట్ అదనం.

జనవరి 14

బయట మంచు. అనుమతి ఇంకా చేతికి రాలేదు. ఈ ఖాళీలో వడ్రంగి ఒకసారి వచ్చి, టార్చి వాలుగా పట్టుకుని, ఇంటిని చదవడం నేర్పి వెళ్లాడు. ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

మొదట గుర్తులు. ప్రతి అతుకు దగ్గరా గీతలు: I, II, III, తర్వాత IIII. నాలుగుని IV అని రాయలేదు. ఎందుకంటే దుంగని ఎటు తిప్పి పడేసినా చదవగలగాలి, IVని తిరగేస్తే VI అయి కూర్చుంటుంది. ఈ చట్రాన్ని ఇక్కడ నిలబెట్టి చెక్కలేదు. ముందు వడ్రంగి జాగాలో నేల మీద పరిచి, ఒక్కో దుంగనీ పక్క దుంగ వంపుకి తగ్గట్టు కోసి, అతికించి చూసుకుని, నంబర్లు గీసి, విప్పేసి, బండి మీద తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. మూడో గుంజ మూడో బెజ్జంలోనే పడుతుంది, ఇంకో చోట పట్టదు.

రెండోది గుంజలు. కిందకన్నా పైన లావుగా ఉన్నాయేమిటని నాకు మొదటినుంచీ అనుమానం. చెట్టుని తలకిందులుగా నిలబెట్టారట! వేరు వైపు పైకి. గుంజ తల దగ్గర మూడు దుంగలు ఒకే చోట కలవాలి: గుంజ, దాని మీద గోడ పొడుగునా పోయే దుంగ, ఆ దుంగ మీదుగా ఇంటి అడ్డంగా ఎదుటి గోడకి పోయే దూలం. గుంజ తలలో సగం పైదుంగలోకి ఒక కుసి (బెజ్జంలో పట్టేలా దుంగ కొసని సన్నగా చెక్కిన నాలుక) దూరుస్తుంది, వెనకనున్న ఎత్తయిన సగం అడ్డదూలంలోకి ఇంకో కుసి దూరుస్తుంది. అడ్డదూలం అడుగున డవ్‌టెయిల్ కోత (పావురం తోకలా కొస వెడల్పయ్యేది) పైదుంగని పట్టుకుని, వాసాల బరువుకి గోడలు బయటికి తోసుకుపోకుండా ఆపుతుంది. రెండు కుసులు పట్టాలంటే గుంజ తల వెడల్పుగా ఉండాలి, ఆ వెడల్పు చెట్టు మొదట్లోనే దొరుకుతుంది. లాగితే బిగుసుకునే ముడి ఇది, ఒక్క ఇనప మేకు లేదు.

మూడోది చూసి మాత్రం నేను నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. మెట్ల పక్కన, పై దుంగ అడుగున, వరసగా అయిదు చిన్న చదరపు బెజ్జాలు, డైమండ్ ఆకారంలో మూలకి తిప్పి తొలిచినవి. అది కిటికీ. అద్దం కొనే తాహతు లేని రోజుల్లో చదరపు కొయ్య కమ్మీలు మూల ముందుకొచ్చేలా నిలబెట్టేవాళ్లు, చలేస్తే చెక్క తలుపు జరుపుకునేవాళ్లు. తలుపు జారిన గాడి కూడా అరిగిపోయి కనిపిస్తోంది. నాలుగేళ్లుగా ఆ గోడకి నేను కోట్లు తగిలిస్తున్నాను.

ఇక్కడివాళ్లు ఇలాంటి ఖాళీ బెజ్జాలు చూపించి ‘పాత ఓడల కలప’ అంటుంటారు. సముద్రానికి ఇంత దూరంలో, ఇంటి చుట్టూ ఓక్ చెట్లుండగా, ఓడ విప్పి కలపని ఇక్కడిదాకా ఎవరు మోసుకొస్తారు? ఖాళీ బెజ్జం అంటే తీసేసిన కిటికీ, తీసేసిన తలుపు, లేదా పక్క ఊళ్లో కూలిన ఇంటి నుంచి తెచ్చిన దుంగ.

మార్చి 23

అనుమతి పదకొండు వారాలు పట్టి జనవరి చివర్లో వచ్చింది, చలి తగ్గేదాకా ఆగాం. నిన్నా ఇవాళా సిమెంటు ఊడగొట్టాం. మొత్తం నాలుగు గళ్లు. ఉలి పెట్టి కొడితే పెచ్చులు పలకల్లా ఊడి వచ్చాయి. దుంగకి ఎక్కడా అంటుకోలేదు, తనంతట తానే నిలబడుంది.

కింది రెండు గళ్లలో ఏమీ మిగల్లేదు, కోడి వల, ఇటుక ముక్కలు, ఒక బీరు సీసా మూత. పై రెండింట్లో అసలు గోడ అలాగే ఉంది! చీల్చిన ఓక్ బద్దలు నిలువుగా, వాటి చుట్టూ హేజెల్ కొమ్మలతో అల్లిన తడిక, తడికకి రెండు వైపులా మట్టి మెత్తు. కొమ్మలకి బెరడు కూడా పోలేదు. మెత్తులో గడ్డి పోచలు పసుపు రంగులోనే ఉన్నాయి. ఒక మూల నాలుగు వేళ్ల అచ్చులున్నాయి, నా వేళ్లు పెడితే సరిపోయాయి, చిటికెన వేలు తప్ప.

నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. తప్పు చేశానని వెంటనే అర్థమైంది. ఆయన పల్నాడులో ముప్పై ఏళ్లు సిమెంటు కొట్టు నడిపిన మనిషి. మా చదువులు, మా పెళ్లిళ్లు అన్నీ ఆ బస్తాల మీదే జరిగాయి.

“ఏమ్మా, సిమెంటు తీసేసి బురద పూస్తావా?”

“బురద కాదు నాన్నా, మట్టి, ఇసక, గడ్డి, పేడ.”

“అదే కదా నేనన్నది.”

1824లో జోసఫ్ ఆస్ప్‌డిన్ అనే ఇంగ్లిషు తాపీమేస్త్రీ పోర్ట్‌లండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్నాడనీ, కనిపెట్టింది ఈ దేశమేననీ, వీళ్లకే అక్కర్లేకపోతే ఎలాగనీ వాదించారు. తప్పు సిమెంటుది కాదు, పూసిన చోటుది అన్నాను. ఫోను అమ్మకి ఇచ్చేశారు.

కింది దుంగలో 3 మిల్లీమీటర్ల చిల్లులు బోలెడు. డెత్‌వాచ్ బీటిల్ అనే కలప పురుగు పని. ఎండిన గట్టి ఓక్ జోలికి రాదు, తేమకి మెత్తబడ్డ ఓక్‌నే తింటుంది. జత కోసం తల చెక్కకేసి టకటకా కొట్టుకుంటుంది. రోగి పక్కన రాత్రంతా మేలుకుని ఉన్నవాళ్లకి ఆ చప్పుడు వినబడి ఆ పేరు పెట్టారట. మందు కొట్టాలా అని అడిగితే వడ్రంగి తల అడ్డంగా ఊపాడు. తేమ పోతే అదే పోతుందన్నాడు.

ఏప్రిల్ 19

టెన్షన్ రోజు. అడ్డదూలం కింద ఇనప ప్రాపులు పెట్టి, ఒక్కో మర చొప్పున తిప్పుతూ బరువు వాటి మీదికి తీసుకున్నాం. ఇల్లు చిన్నగా మూలిగింది. మా ఆయన వంటింట్లోంచి సామాను తీసేశాడు, తర్వాత తను కూడా బయటికొచ్చి నిలబడ్డాడు.

కొత్త దుంగ పచ్చి ఓక్. కలపని ఏళ్లకేళ్లు ఆరబెట్టి కట్టేవాళ్లని నేననుకునేదాన్ని, అది వట్టి మాట. ఆరిన ఓక్ ఇనుములా ఉంటుంది, చేత్తో చెక్కడం నరకం. పాతవాళ్లు కొట్టిన కొన్నాళ్లకే చెక్కి, ఇల్లు నిలబెట్టి, ఇంట్లోనే ఆరనిచ్చేవాళ్లు. ఈ ఇళ్లలో వంకర్లు చాలావరకు అలా వచ్చినవే. మా దుంగ 2.4 మీటర్ల పొడుగు, 200 బై 175 మిల్లీమీటర్లు. పచ్చి ఓక్ నీళ్లంత బరువుంటుంది కాబట్టి ఇది దాదాపు 85 కిలోలు. ముగ్గురం మోశాం.

రెండు గుంజల్లో ఒకదాని అడుగు 40 సెంటీమీటర్ల మేర పోయింది. చేవ ఉన్నంత వరకు ఉంచి, అక్కడ ఏటవాలుగా కోసి, వడ్రంగి కొత్త ఓక్ పాదం అతికించాడు. నేనైతే గుంజంతా మార్చేద్దామని ఉండేదాన్ని. ‘ఆరోగ్యంగా ఉన్నదాన్ని కోసే హక్కు మనకి లేదు’ అన్నాడు. 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం అప్పటినుంచీ పట్టుకున్న పద్ధతి ఇది: పాతదాన్ని కొత్తగా చేయొద్దు, పడిపోకుండా చూడు, చేసిన మరమ్మతు దాచొద్దు.

గుంజని పైకెత్తి కుసిని బెజ్జంలోకి దించడం కుదరదు, పైన ఇల్లుంది. అందుకని కొత్త సిల్‌లో బెజ్జాలని లోపలి వైపు తెరిచి కోసి, దుంగని బయటినుంచి పక్కకి తోశాం. కుసులు లోపలికొచ్చాక తెరిచిన వైపు ఓక్ ముక్కతో మూశాడు. చివరికి చీల. కుసిలో చిల్లుని బెజ్జం చిల్లుకి సరిగ్గా ఎదురుగా వేయడు, కుసి మొదలయ్యే గుంజ భుజం వైపు 3 మిల్లీమీటర్లు జరిపి వేస్తాడు. ఎండిన ఓక్ చీల, కొసదేలినది, ఆ వంకర దారిలో దిగుతూ కుసిని లోపలికి లాక్కుంటుంది. కొయ్య సుత్తి ఇచ్చి రెండోది నన్ను కొట్టమన్నాడు. నాలుగో దెబ్బకి అతుకు సందు మూసుకుపోవడం కళ్లారా చూశాను. చీల తలలు రెండంగుళాలు బయటికే వదిలేశాం.

సాయంత్రానికి నా చేతులు నీలిగా, నల్లగా. తడి ఓక్‌లోని టానిన్‌కి ఇనుము తగిలితే అంతే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి రాస్తే నలుపు తేలేదీ ఇలాగే. కాకపోతే అక్కడ కళ, ఇక్కడ సోమవారం ఆఫీసులో వివరణ. ఈ కారణంగానే ఓక్‌లో మామూలు ఇనప మేకులు కొట్టరు, మేకూ తుప్పు పడుతుంది, కలపా నల్లబడుతుంది.

మే 11

తడిక అల్లడం వచ్చేసింది. గడికి పైనున్న అడ్డ దుంగ అడుగున చిల్లులు, కిందున్న అడ్డ దుంగ మీద పొడుగాటి గాడి. ఓక్ బద్ద తల చిల్లులో దూర్చి, అడుగుని గాడిలో జరుపుకుంటూ రావడమే. తర్వాత చీల్చిన హేజెల్‌ని బద్దలకి ముందూ వెనకా అల్లడం. అరచేతులు గీసుకుపోయాయి.

మెత్తు మాత్రం పాడైంది. తోటలో తవ్విన ఎర్ర బంకమట్టిలో గడ్డి కలిపి ఉత్సాహంగా పూశాం. నాలుగు రోజుల్లో ఎండిన చెరువు అడుగులా పగిలి, ఒక పెంకు ఊడి నేల మీద పడింది. బంక ఎక్కువ, నీళ్లు ఎక్కువ, ఇసక లేదు. అంతా గీకేసి మళ్లీ మొదలు.

జూన్ 15

అమ్మా నాన్నా వచ్చారు. నాన్న రెండు రోజులు గోడ వైపే చూడలేదు. మూడో రోజు పొద్దున్నే, మేం తెప్పించిన ఇసక కుప్ప దగ్గర నిలబడి గుప్పెడు తీసి నలిపి, చెయ్యి దులిపి, అరచెయ్యి నాకు చూపించారు.

“చూడు, దుమ్ము ఎట్లా అంటిందో. ఇదేం ఇసక? ఎవడిచ్చాడమ్మా నీకు?”

గాజు సీసాలో ఇసక, నీళ్లు పోసి గిలక్కొట్టి వదిలేశారు. గంటకి పైన వేలు మందం ఒండ్రు తేలింది. ఇసక మళ్లీ తెప్పించాం, పలుకు గరుగ్గా ఉన్నది. మట్టి ఉండలు చేసి మూడు పాళ్లలో ఆరబెట్టి చూశాం. మట్టికి రెండింతలు ఇసక వేసింది పగల్లేదు. మన్ను బట్టి పాళ్లు మారతాయి, ఎవరి ఉండలు వాళ్లే ఆరబెట్టుకోవాలి. పేడ పక్క పొలంలోని హెరిఫర్డ్ ఆవులది, ఎర్ర ఒళ్లు, తెల్ల మొహం. తొక్కడం అమ్మా నేనూ.

పూసేటప్పుడు లోపల ఒకరు, బయట ఒకరు నిలబడి, ఒకే చోట ఎదురెదురుగా మట్టి ముద్ద కొట్టాలి. రెండు ముద్దలూ తడిక సందుల్లో కలిసి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బయట నాన్న, లోపల నేను. మనిషి కనబడడు, మట్టి మీద దెబ్బ మాత్రం తెలుస్తుంది. ‘సిమెంటైతే మధ్యాహ్నానికి అయిపోయేది’ అని తడికలోంచి మూడు సార్లు వినబడింది.

మా ఆయన ఒక న్యాయమైన ప్రశ్న వేశాడు. ఈ మట్టి గోడ చలిని ఆపదు కదా, హెంప్ (గంజాయి జాతి మొక్క) తునకలు కలిపిన సున్నం గానీ చెక్కపీచు పలకలు గానీ పెట్టొచ్చుగా? పెట్టొచ్చు, చాలామంది పెడుతున్నారు. పై రెండు గళ్లూ బతికున్నాయి కాబట్టి కింద కూడా అదే ఉండాలని నేను పట్టుబట్టాను. గ్యాసు బిల్లు వచ్చినప్పుడల్లా ఈ మాట నాకు గుర్తు చేస్తానన్నాడు.

ఆగస్టు 10

మట్టి ఏడు వారాలు ఆరింది. మేకవెంట్రుకలు కలిపిన సున్నపు పూత, రెండు దఫాలు. ఇది సిమెంటులా నీళ్లతో గట్టిపడేది కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. తొందరగా ఆరితే పొడి రాలుతుంది. అందుకని తడి గోనెపట్టాలు వేలాడదీసి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాం. చలికాలంలో చేస్తే మంచుకి ఊడిపోతుంది, అందుకే ఈ హడావుడి.

వెల్ల అయిదు పూతలు, పాలలా పల్చగా. వేసినప్పుడు ఏమీ కనబడదు, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. ఈ పని మాత్రం నాన్న ఎవరికీ ఇవ్వలేదు.

కాంక్రీటు బాట పగలగొట్టి గులకరాళ్ల కాలువ తవ్వాం. గోడ అడుగు రాయి మళ్లీ బయటపడింది.

పక్కింటి పెద్దాయన కొత్త దుంగకి నల్ల రంగు ఎప్పుడు వేస్తారని అడిగాడు. వెయ్యం అన్నాను. ఈ నలుపు తెలుపుల అందం చాలా ఇళ్లకి 19వ శతాబ్దంలో వచ్చిన మోజు. అంతకుముందు ఓక్‌ని అలాగే వదిలేసేవాళ్లు, వెండి బూడిద రంగుకి తిరిగేది, లేదంటే దుంగా గోడా చూడకుండా అంతటా సున్నం కొట్టేవాళ్లు. ఆయన నమ్మలేదు. తన చిన్నప్పటినుంచీ నల్లగానే ఉందన్నాడు, అదీ నిజమే. పాత దుంగల మీద నలుపు గీకితే పైచెక్క పోతుంది కాబట్టి దాని జోలికి పోలేదు. ప్రస్తుతం మా గోడకి కాళ్లు తేనె రంగు, ఒళ్లు నలుపు. ఫొటోలో బాగాలేదని మా అత్తగారి అభిప్రాయం.

సెప్టెంబరు 28

మొదటి గాలివాన రాత్రంతా కురిసింది. పొద్దున్నే లోపలి వైపు అరచెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. బయట వెల్ల తడికి ముదురు రంగు తిరిగి, మధ్యాహ్నానికి మళ్లీ తెల్లబడింది.

ఎడమ గుంజకీ మట్టికీ మధ్య 4 మిల్లీమీటర్ల సందు పడింది. దుంగ ఆరుతోంది, ఇంకా కొన్నేళ్లు ఆరుతుంది. వసంతంలో సున్నంతో నింపాలి. కొత్త సిల్ మీద పొడుగునా ఒక చీలిక కూడా వచ్చింది. వడ్రంగికి ఫొటో పంపితే ‘ఓక్’ అని ఒక్క ముక్క జవాబిచ్చాడు.

సాయంత్రం కొయ్య సుత్తి తీసుకెళ్లి, ఏప్రిల్‌లో నేను కొట్టిన చీల మీద ఒక దెబ్బ వేశాను. ఇంకో రెండు మిల్లీమీటర్లు దిగింది.